ముందు చీకటి, తర్వాతే కెమెరా: నక్షత్రాల ఫొటోలు తీయడం ఎలా మొదలుపెట్టాలి

నక్షత్రాల ఫొటోల మీద మోజు పుట్టినవాళ్లు మొట్టమొదట చేసే పని టెలిస్కోపు కొనడం. నేనూ ఆ దారినే పోయాను. పెద్ద గొట్టం, తళతళలాడే అద్దం, దాని కింద గాలి వీస్తే వణికే మూడు కాళ్లు. చంద్రుణ్ణి చూశాను, శని వలయాలు చూశాను, ఫొటో మాత్రం ఒక్కటీ కుదర్లేదు. ఇప్పుడది బీరువా మీద దుమ్ము పట్టి ఉంది.

అందుకే ఎవరైనా అడిగితే నేను వరస తిరగేసి చెబుతాను. ముందు చీకటి ఎక్కడుందో వెతకండి. ఆ చీకట్లో ఇప్పటికే తిరుగుతున్నవాళ్లను కలవండి. వాళ్ల సామాను కళ్లారా చూడండి. కొనడం ఆ తర్వాత. కొనేటప్పుడు కూడా ఇల్లు కట్టినట్టు నేల నుంచి పైకి రండి: కాళ్లు, మౌంటు (కాళ్ల మీద కూర్చుని కెమెరాను మోస్తూ ఆకాశంతోపాటు తిప్పే యంత్రం), లెన్సు, ఆఖరున కెమెరా. చాలామంది కెమెరాతో మొదలుపెట్టి కాళ్ల దగ్గరికి వచ్చేసరికి డబ్బులు అయిపోయాయంటారు.

రాత్రినీ చోటునూ ఎంచుకోండి

అమావాస్యకు ముందు మూడు నాలుగు రాత్రులు, తర్వాత మూడు నాలుగు రాత్రులు మీవి. చంద్రుడు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు. అమావాస్యకు ముందైతే తెల్లవారుజాముకు గానీ రాడు, తర్వాతైతే చీకటి పడ్డ కాసేపటికే దిగిపోతాడు. ఇంకో సంగతి, పొద్దుగూకగానే చీకటి పడిందనుకోకండి. సూర్యుడు దిగంతానికి 18 డిగ్రీలు కిందికి దిగాకే ఆకాశం పూర్తిగా నల్లబడుతుంది. స్టెల్లేరియం లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మీ ఊరు, తేదీ ఇచ్చి చూసుకుంటే ఆ వేళ ఎప్పుడో, అప్పటికి ఏ నక్షత్రమండలం ఎంత ఎత్తులో ఉంటుందో తెలిసిపోతుంది.

చోటు సంగతికొస్తే, ఈ హాబీ చేసేవాళ్లు ‘ఇది బోర్టిల్ నాలుగు’, ‘అది బోర్టిల్ రెండు’ అని మాట్లాడుకుంటుంటారు. జాన్ బోర్టిల్ అనే అమెరికన్ పరిశీలకుడు 2001లో ఇచ్చిన 9 మెట్ల కొలమానం అది. తొమ్మిది అంటే నగరం నడిబొడ్డు. ఒకటి అంటే పాలపుంత వెలుగుకే నేల మీద నీడ పడేంత చీకటి. కాంతి కాలుష్యం మ్యాపులు చూసి చోటు ఎంచుకోవచ్చు గానీ, అక్కడికి వెళ్లాక కంటితో ఓ పరీక్ష పెట్టండి. కృత్తికల్ని చూడండి. పట్నంలో అవి ఓ మసక మరక. ఓ మాదిరి చీకట్లో ఆరు చుక్కలు విడివిడిగా లెక్కపెట్టొచ్చు. దాంతోపాటు వేసవి పాలపుంత నడుమ నల్లటి చీలిక కూడా కనబడిందంటే ఇక చోటు మార్చక్కర్లేదు.

ఫొటో తీశాక ఆకాశపు వెలుగును సాఫ్ట్‌వేర్‌తో తీసేయొచ్చు కదా అని అడుగుతారు. తీసేయొచ్చు. కానీ ఆ వెలుగు తనతో తెచ్చిన గరుకుదనం, అంటే నాయిస్, ఫొటోలోనే మిగిలిపోతుంది. నిహారికల, అంటే అంతరిక్షంలోని వాయువు, దుమ్ము మేఘాల, సన్నటి అంచులు మునిగిపోయేది అందులోనే. అందుకే నగరంలో రాత్రంతా తీసినదానికంటే ఊరి బయట గంటసేపు తీసింది బాగుండటం చాలాసార్లు చూశాను. నాలుగు దిక్కులా చీకటి దొరక్కపోతే మీరు తీయబోయే దిక్కు చీకటిగా ఉంటే చాలు, ఊరి వెలుగు వెనకవైపు ఉండనివ్వండి.

మొదటిసారి ఒట్టి చేతులతో వెళ్లండి

ఖగోళ క్లబ్బులు చాలాచోట్ల అమావాస్య దగ్గరి వారాంతాల్లో ఊరి బయట కలుస్తుంటాయి. అలాంటి కూటానికి ముందుగా చెప్పి వెళ్లండి. కెమెరా తీసుకెళ్లకండి. ఒక మడత కుర్చీ, అనుకున్నదానికంటే ఒకటి ఎక్కువ చలికోటు, మంచినీళ్లు, ఎర్ర వెలుతురు ఇచ్చే చిన్న లైటు, ఉంటే బైనాక్యులర్స్. ఇంతే. పొద్దు ఉండగానే చేరుకోండి. నేల ఎక్కడ ఎత్తు, ఎక్కడ గుంత, పురుగూ పుట్రా ఉండే పొదలు ఎటున్నాయి, అన్నీ వెలుతురులో చూసిపెట్టుకోవాలి. కారును ముఖం దారి వైపు ఉండేలా నిలపండి, వెళ్లేటప్పుడు రివర్స్ లైట్లు వెలగకుండా ఉంటాయి. లోపలి దీపం తలుపు తెరిస్తే వెలగకుండా ఆపేయండి, ఆగకపోతే దాని మీద మందపాటి టేపు అతికించండి.

ఈ పట్టింపులన్నీ ఎందుకంటే, కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఒక్క ఫోన్ స్క్రీన్ చాలు, అదంతా పోయి మళ్లీ మొదటికి వస్తుంది. చీకట్లో పనిచేసే కంటి కణాలకు ముదురు ఎరుపు దాదాపుగా కనబడదు కాబట్టి ఎర్ర లైటు వాడతాం. అదీ మసకగా ఉంటేనే. కళ్లలోకి కొట్టే ఎర్ర హెడ్‌ల్యాంపు తెల్లదానికంటే ఏమంత మంచిది కాదు.

నా మొదటి కూటం సంగతి చెబుతాను. మైదానంలో ఎనిమిది మంది ఉన్నారు. చీకట్లో మనుషులు కనబడటం లేదు, మౌంటు మోటార్లు సన్నగా గుయ్‌మనడం మాత్రం వినబడుతోంది. నీళ్ల సీసా తెచ్చుకుందామని కారు వైపు నడుస్తూ జేబులోని రిమోట్ నొక్కాను. కారు కుయ్‌మంది, ముందు దీపాలూ వెనక దీపాలూ ఒక్కసారి భగ్గున వెలిగాయి. ఎవరూ తిట్టలేదు. ఎటునుంచో ఒక పెద్ద నిట్టూర్పు, ఆ తర్వాత పక్క మౌంటు దగ్గరున్న పెద్దాయన గొంతు: “బాబూ, ఆ తాళం ఇటివ్వు. పొద్దున ఇస్తాలే.” ఆయన తీస్తున్నది అయిదు నిమిషాల ఎక్స్‌పోజరు, అంటే అంతసేపూ కెమెరా కన్ను తెరిచే ఉంటుంది, అప్పటికి నాలుగో నిమిషం నడుస్తోంది. ఇప్పటికీ మైదానంలోకి రాగానే తాళం సంచి అడుగున పడేస్తాను.

కాబట్టి పాటించాల్సినవి: ఎవరి ట్రైపాడ్ దగ్గరికైనా వెళ్లేముందు గొంతు వినిపించండి, కాళ్లకు వైర్లు తగులుతాయి. అడక్కుండా దేన్నీ ముట్టుకోకండి. ఐపీస్‌లో, అంటే టెలిస్కోపుకు కన్ను ఆనించే గాజులో, చూడమన్నప్పుడు దాన్ని పట్టుకుని వేలాడకండి, దాని మీదికి ఊపిరి వదలకండి. ఆకుపచ్చ లేజర్‌తో నక్షత్రాలు చూపించడం సరదాగానే ఉంటుంది, కానీ ఆ గీత పది మంది ఫొటోల్లో పడుతుంది, పైన విమానం పోతుంటే పైలట్‌కు ప్రమాదం కూడా. అందరూ సరేనంటేనే తీయండి. మధ్యలో వెళ్లిపోవాల్సి వస్తే పది నిమిషాల ముందు గట్టిగా చెప్పండి, వాళ్లు ఎక్స్‌పోజరు ఆపుకుంటారు.

ఈ కూటాల్లో రెండు తెగలుంటాయి. కంటితో చూసేవాళ్లు, ఫొటోలు తీసేవాళ్లు. మొదటివాళ్లకు రెండోవాళ్ల ల్యాప్‌టాప్ వెలుగంటే ఒళ్లుమంట. రెండోవాళ్లు స్క్రీన్‌కు ఎర్ర ఫిల్ము వేసి, పైన ఓ డబ్బా బోర్లించి పనిచేసుకుంటారు. మీరు ఫొటోల కోసం వచ్చినా ముందు కంటితో చూసేవాళ్ల దగ్గర గంటసేపు గడపండి. ఆకాశంలో ఏది ఎక్కడుందో వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు, మనకు అన్నీ మోటారే వెతికి పెడుతుంది కదా. తర్వాత ఫొటోలవాళ్ల దగ్గరికి వెళ్లి, లెన్సు ఎంత పెద్దదని కాకుండా ఈ మూడూ అడగండి: మౌంటు ఏది, దాని మీద ఎంత బరువు పెట్టారు, మళ్లీ కొనాల్సి వస్తే ఇదే కొంటారా? మూడో ప్రశ్నకు వచ్చే జవాబు ఏ ప్రకటనలోనూ దొరకదు.

ఉన్న కెమెరాతో తొలి ఫొటో

రెండోసారి వెళ్లేటప్పుడు మీ దగ్గరున్న కెమెరా, గట్టి ట్రైపాడ్, వెడల్పు లెన్సు పట్టుకెళ్లండి. చేతితో నొక్కితే కదులుతుంది కాబట్టి రిమోట్ ఉండాలి, లేకపోతే రెండు సెకన్ల టైమరు చాలు. రా ఫార్మాట్ (కెమెరా తన మార్పులేవీ చేయకుండా దాచే ఫైలు), మాన్యువల్ మోడ్, ఐఎస్‌ఓ (వెలుగును ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 1600. అపెర్చరు, అంటే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం, పూర్తిగా తెరిచి ఒక మెట్టు తగ్గించండి. లెన్సులో కుదుపు తగ్గించే స్టెబిలైజర్ ఉంటే ఆపేయండి. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ కూడా ఆపండి, అది ప్రతి ఫొటో తర్వాత అంతే సేపు ఖాళీ ఫొటో తీస్తూ సగం రాత్రి తినేస్తుంది.

ఎన్ని సెకన్లు? 500ను లెన్సు ఫోకల్ లెంగ్తుతో, అంటే లెన్సు మీద మిల్లీమీటర్లలో రాసి ఉండే అంకెతో, భాగించమని పాత సూత్రం. 24 మిల్లీమీటర్ల లెన్సుకు 20 సెకన్లు వస్తుంది. ఇది ఫిల్ము రోజుల లెక్క. ఇప్పటి కెమెరాకు ఎందుకు సరిపోదో ఒకసారి వేసి చూద్దాం. పిక్సెల్ 4 మైక్రాన్లు ఉంటే, ఆ లెన్సు మీద ఒక్కో పిక్సెల్ ఆకాశంలో సుమారు 34 ఆర్క్ సెకన్ల మేర పట్టుకుంటుంది. ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు. భూమి తిరగడం వల్ల నక్షత్రం సెకనుకు 15 ఆర్క్ సెకన్లు జరుగుతుంది. అంటే రెండుంబావు సెకన్లకు ఒక పిక్సెల్ దాటేస్తుంది, 20 సెకన్లలో దాదాపు తొమ్మిది పిక్సెళ్ల గీత గీస్తుంది. ఫోన్‌లో చూస్తే చుక్కలాగే ఉంటుంది, పెద్దది చేస్తే బియ్యపు గింజ. అందుకే 500 బదులు 300 పెట్టుకోండి. సెన్సారు, అంటే లెన్సు వెనక వెలుగును పట్టే పలక, చిన్నదైతే ఫోకల్ లెంగ్తును ముందు 1.5తో హెచ్చించి తర్వాత భాగించండి.

ఒక్కటి తీసి ఆపకండి. ఒకే చోటు యాభై, వంద తీయండి. ఎందుకో కిందికి వస్తే తెలుస్తుంది.

ఇప్పుడు కొనాల్సింది ట్రాకరు

200 మిల్లీమీటర్ల లెన్సు పెడితే ఇదే లెక్కలో నక్షత్రం పావు సెకనుకే పిక్సెల్ దాటుతుంది. ఇక భూమితో పోటీ పడటం తప్ప గత్యంతరం లేదు. భూమి తిరిగే వేగంతోనే, ఎదురు దిశలో, కెమెరాను తిప్పే యంత్రమే ట్రాకరు. 1880 సెప్టెంబరు 30న హెన్రీ డ్రేపర్ అనే అమెరికన్ ఖగోళ పరిశీలకుడు ఒరాయన్ నిహారికను 51 నిమిషాల ఎక్స్‌పోజరుతో తీశాడు. నిహారికకు తీసిన తొలి ఫొటో అదే. అప్పటికీ ఇప్పటికీ కష్టం ఒక్కచోటే ఉంది, అంతసేపు గురి తప్పకుండా ఉండటం.

కెమెరా, చిన్న లెన్సు మోసే ట్రాకర్లలో స్కైవాచర్ వాళ్ల స్టార్ అడ్వెంచరర్ లాంటివి చాలామంది వాడతారు. డబ్బా మీద ఎన్ని కిలోలు మోస్తుందని రాసినా అందులో సగం, మహా అయితే మూడింట రెండొంతులే పెట్టండి. ఆ అంకె కంటితో చూసేవాళ్ల కోసం, మనకోసం కాదు.

లెన్సు విషయంలో ఆశ తగ్గించుకోండి. దూరంగా ఉన్నవన్నీ ఆకాశంలో చిన్నగా ఉంటాయనుకుంటాం. ఆండ్రోమెడా గెలాక్సీ 25 లక్షల కాంతి సంవత్సరాల దూరాన ఉంది, అయినా ఆకాశంలో దాని పొడవు మూడు డిగ్రీలు, ఆరు పున్నమి చంద్రుల్ని పక్కపక్కన పేర్చినంత! 1,000 మిల్లీమీటర్ల టెలిస్కోపులో అది పట్టనే పట్టదు. 200 మిల్లీమీటర్ల లెన్సులో, మామూలు చిన్న సెన్సారు మీద, చుట్టూ ఖాళీ వదిలి హాయిగా కూర్చుంటుంది. పైగా ఫోకల్ లెంగ్తు పెరిగేకొద్దీ ట్రాకింగ్ తప్పులన్నీ అంతే పెద్దగా కనబడతాయి. మొదటి ఏడాది 135 నుంచి 300 మధ్య ఉండండి.

గ్రహాలు తీయాలనుకుంటే మాత్రం దారి వేరు. గురుడి వ్యాసం సుమారు 45 ఆర్క్ సెకన్లే, 200 మిల్లీమీటర్ల లెన్సులో పదకొండు పిక్సెళ్లు. దానికి పొడవైన టెలిస్కోపు, వీడియో, వేల ఫ్రేములు కావాలి. రెండూ ఒకే సామానుతో చేద్దామనుకుంటే రెండూ రావు. ఇక ఈ మధ్య వస్తున్న స్మార్ట్ టెలిస్కోపులు, అన్నీ లోపలే ఉండి ఫోన్‌లో ఫొటో చూపించేవి, నేర్చుకునే ఓపిక లేనివాళ్లకు నిజంగా మంచివే. నాకు వాటి మీద కోపం లేదు, కొంచెం అసూయ ఉందంతే.

ధ్రువానికి గురి పెట్టండి

ట్రాకరు అక్షం ఆకాశ ధ్రువం వైపు, అంటే నక్షత్రాలన్నీ ఏ బిందువు చుట్టూ తిరుగుతున్నట్టు కనబడతాయో అటు, ఉంటేనే అది పనికొస్తుంది. దీన్నే పోలార్ అలైన్‌మెంట్ అంటారు. కొత్తవాళ్ల రాత్రులు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే, కాబట్టి తొందరపడకండి.

ముందు ట్రైపాడ్‌ను సమంగా నిలపండి. కాళ్లు పూర్తిగా సాగదీయకండి, పొట్టిగా ఉంటే గట్టిగా ఉంటుంది. ధ్రువం దిగంతానికి ఎంత ఎత్తులో ఉంటుందంటే, మీ అక్షాంశం ఎంతో అంత. ట్రాకరును ఆ కోణానికి వంచి ఉత్తరం వైపు తిప్పండి. ట్రాకరు అక్షంలో ఉండే చిన్న దుర్బిణి, అంటే పోలార్ స్కోపులో చూస్తూ ధ్రువ నక్షత్రాన్ని వెతకండి. దాన్ని సరిగ్గా మధ్యలో పెట్టేస్తే అయిపోయిందనుకోవడం అందరూ చేసే పొరపాటు. ధ్రువ నక్షత్రం అసలు ధ్రువం మీద లేదు, 0.6 డిగ్రీకి పైగా పక్కన ఉంది, చంద్రబింబం వెడల్పు కంటే ఎక్కువ. అదీ ధ్రువం చుట్టూ చిన్న చుట్టు తిరుగుతుంటుంది. ఈ క్షణాన అది గడియారంలో ఏ అంకె దగ్గర ఉండాలో చూపించే యాప్‌లున్నాయి. ఆ అంకె దగ్గరికి తేవడానికి ట్రైపాడ్‌ను జరపకుండా, ఎత్తుకూ పక్కలకూ ఉన్న మరలు మాత్రమే తిప్పండి.

కెమెరా ఎక్కించాక మళ్లీ చూడండి. బరువు పడగానే అంతా కాస్త కుంగుతుంది. తూకం సరిచేసేటప్పుడు తూర్పు వైపు ఒక్క వెంట్రుకవాసి బరువు ఎక్కువ ఉండనివ్వండి, పళ్ల చక్రాలు ఒకదానికొకటి ఆనుకుని నడుస్తాయి. రెండు నిమిషాల ఫొటో తీసి పెద్దది చేయండి. చుక్కలు గుండ్రంగా ఉన్నాయా, సరే. గీతలైతే మళ్లీ మొదలు.

భూమధ్యరేఖకు దగ్గరున్నవాళ్లకు ధ్రువ నక్షత్రం దిగంతపు మసకలో ఉంటుంది. దక్షిణార్ధగోళంలోవాళ్లకు దిక్కు సిగ్మా ఆక్టాంటిస్, కంటికి కనబడీ కనబడనట్టుండే నక్షత్రం. ధ్రువం వైపు చెట్టో గుట్టో అడ్డొచ్చినవాళ్లూ ఉంటారు. ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకు నీనా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఆకాశంలో మూడుచోట్ల ఫొటో తీసి అక్షం ఎటు ఎంత తప్పిందో చెబుతుంది. దానికి ధ్రువం కనబడనక్కర్లేదు.

ఫోకసు

లెన్సు మీద అనంతం గుర్తును నమ్మకండి. ప్రకాశవంతమైన నక్షత్రాన్ని, స్వాతి గానీ రోహిణి గానీ, స్క్రీన్ మీద పదింతలు పెద్దది చేసి, చుక్క వీలైనంత చిన్నదయ్యేదాకా రింగు తిప్పండి. బాహ్టినోవ్ మాస్క్ అని లెన్సు ముందు తగిలించే చిల్లుల రేకు దొరుకుతుంది. అది నక్షత్రం మీద మూడు గీతలు చూపిస్తుంది, నడిమి గీత మిగతా రెండింటికీ సరిగ్గా మధ్యన పడితే ఫోకసు కుదిరినట్టు. కుదిరాక రింగును టేపుతో కట్టేయండి. ఒకసారి టేపు వేయడం మర్చిపోయి, లెన్సు బరువుకు రింగు మెల్లగా జారి, మూడు గంటల ఫొటోలన్నీ ఉబ్బిన చుక్కలే తెచ్చుకున్నాను. చలి పెరిగేకొద్దీ లోహం ముడుచుకుని ఫోకసు మారుతుంది, గంటకోసారి చూడండి. ఫొటో మొదలెట్టేముందు మాస్క్ తీయాలి. నవ్వకండి, అందరూ మర్చిపోతారు.

రాత్రంతా తీయాల్సినవి

ఒకే వస్తువు మీద రాత్రంతా ఉండండి. ఫ్రేములు, అంటే విడివిడి ఫొటోలు, నాలుగింతలైతే నాయిస్ సగానికి తగ్గుతుంది, పదహారింతలైతే పావుకు. పది వస్తువులు పది నిమిషాల చొప్పున తీస్తే పదీ బాగుండవు. ఒక్కో ఎక్స్‌పోజరు ఒకటి రెండు నిమిషాలు. కెమెరా వెనక స్క్రీన్ మీద వెలుగు పంపకాన్ని చూపే గ్రాఫు, అంటే హిస్టోగ్రామ్, గుట్ట ఎడమ గోడను వదిలి మూడో వంతు దాకా వస్తే చాలు. అయిదారు ఫ్రేములకోసారి గురిని కొద్దిగా జరపండి, డిథరింగ్ అంటారు. సెన్సారులోని చెడు పిక్సెళ్లు ప్రతిసారీ వేరే చోట పడి తర్వాత కలిపేటప్పుడు రాలిపోతాయి.

వీటితోపాటు మూడు రకాల ఖాళీ ఫొటోలు కావాలి. మూత పెట్టి, అదే ఐఎస్‌ఓ, అదే సమయం, అదే చలిలో తీసేవి డార్కులు. అందుకే ఇంటికెళ్లి తీద్దామనుకోవద్దు. లెన్సు ముందు తెల్లబట్ట బిగించి, తెల్లవారిన ఆకాశం వైపు తిప్పి తీసేవి ఫ్లాట్లు. లెన్సు అంచుల నీడనూ, సెన్సారు మీది దుమ్మునూ అవి పట్టుకుంటాయి, కాబట్టి అప్పటిదాకా ఫోకసు కదపకూడదు, కెమెరా విప్పకూడదు. మూత పెట్టి అతి తక్కువ సమయంతో తీసేవి బయాస్‌లు. ఒక్కోటి ఇరవై ముప్పై.

ఫిల్టర్ల సంగతి ఇప్పుడే వద్దు. ఒక్కటి తెలుసుకోండి చాలు: మామూలు కెమెరా లోపల ఉండే ఫిల్టరు హైడ్రోజన్ వెలిగే 656.3 నానోమీటర్ల ఎరుపును చాలావరకు ఆపేస్తుంది. మీ ఎర్ర నిహారికలు వెలవెలబోతే తప్పు మీది కాదు.

మంచూ కరెంటూ

అర్ధరాత్రి దాటాక ఫొటోలు మెల్లగా మసకబారితే మబ్బేమో అనుకుంటారు. ముందు లెన్సు చూడండి, దాని మీద మంచు పట్టి ఉంటుంది. గుడ్డతో తుడవకండి, మరకలు పడతాయి. లెన్సు చుట్టూ వేడి పట్టీ కట్టి చీకటి పడ్డప్పుడే ఆన్ చేయాలి. బ్యాటరీలు చలికి సగం దాకా చతికిలబడతాయి, కాబట్టి అనుకున్నదానికి రెండింతలు తెచ్చుకోండి, అదనపువి లోపలి జేబులో వెచ్చగా ఉంచండి.

తెల్లవారాక

ఫ్లాట్లు అయ్యాకే సామాను విప్పండి. ఇంటికి వెళ్లగానే సంచి తెరవకండి, చల్లటి లెన్సుకు ఇంట్లో తేమ గాలి తగిలి నీళ్లు కారుతుంది. రెండు మూడు గంటలు మూసే ఉంచండి. నిద్ర లేచాక ఫొటోలను ఒకదానిమీద ఒకటి పేర్చి కలిపే సాఫ్ట్‌వేర్ సిరిల్ గానీ డీప్‌స్కైస్టాకర్ గానీ తెరిచి, రెండూ ఉచితమే, ఫొటోలన్నీ దానికిచ్చి కలపమనండి. ఉపగ్రహాలు, విమానాలు గీసిన గీతలు ఒకటి రెండు ఫ్రేముల్లోనే ఉంటాయి కాబట్టి కలిపేటప్పుడు వాటంతటవే పోతాయి. బయటికొచ్చిన ఫొటో దాదాపు నల్లగా ఉంటుంది. కంగారు పడకండి, అంతా ఆ నలుపులోనే ఉంది. చీకటి భాగాన్ని మెల్లమెల్లగా పైకి లాగుతూ పోతే ముందు గెలాక్సీ నడిబొడ్డు, తర్వాత దాని చేతులు, వాటి మధ్య దుమ్ము చారలు కనబడతాయి. ఎక్కువ లాగితే గరుకు లేస్తుంది, అక్కడ ఆగండి.

ఈ ఫ్రేములను పారేయకండి. వచ్చే అమావాస్యకు అదే లెన్సుతో అదే వస్తువు తీసి వీటికి కలపొచ్చు, ఏడాది తర్వాతైనా సరే. కార్డు మాత్రం రెండుచోట్ల కాపీ చేసుకున్నాకే ఖాళీ చేయండి.